సొంత విమానమునకు ఏటేటి పరీక్ష

మన పల్లెలలో రథోత్సవము దగ్గరపడినదనగా వడ్రంగియు, కమ్మరియు తేరు కడకు వచ్చుదురు. ఏడాది పొడుగున ఎండకు ఎండి, వానకు తడిసి నిలిచిన తేరు అది. ఇరుసులను తట్టి చూతురు. చక్రముల చీలలను కదిలించి చూతురు. మోకులను బారలు బారలుగా చేతిలోనికి తీసికొని పురి సడలినదేమో, పీచు లేచినదేమో తడవి చూతురు. నిరుడు తేరు చక్కగా నడచినది గదా యని వారు ఊరకుండరు. కీడెంచి మేలెంచవలెనని పెద్దలు చెప్పిన మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణము అక్కరలేదు.

నేలమీద, మనుష్యుని నడక వేగమున, పదిమంది కళ్ళ యెదుట కదలు తేరు విషయముననే ఇంత జాగ్రత్త పడుదుమే, వేల అడుగుల ఎత్తున, గంటకు నూరు మైళ్ళకు మించిన వేగమున పోవు చిన్న విమానము మాట యేమి? ఇరుసు విరిగిన తేరు ఉన్నచోటనే నిలిచిపోవును. ఇంజను ఆగిన విమానమునకు నిలుచుటకు ఆకాశమున చోటు లేదు. కావున అట్టి విమానములను సొంతముగా ఉంచుకొనువారు ఏటికొకసారి వానిని విప్పించి చూపించుకొనవలెనని దేశదేశముల చట్టములు శాసించుచున్నవి. ఆ పరీక్ష ఎట్లు జరుగును, దానివలన ఏమి తెలియును, ముఖ్యముగా ఏమి తెలియదు అను సంగతులను ఈ ప్రసంగమున విచారింతము.

ఈ విచారమునకు అమెరికా దేశమే తగిన చోటు. ఏలయనగా, మన దేశమున మోటారుకారు ఉంచుకొనినట్లు అచ్చట విమానము ఉంచుకొనువారు పెక్కుమంది కలరు. వైద్యులు, రైతులు, వర్తకులు, ఉద్యోగములు చాలించుకొనిన పెద్దలు ఊరి వెలుపలి చిన్న విమానాశ్రయమున ఒక రేకుల కొట్టము అద్దెకు తీసికొని, అందు తమ విమానమును కట్టివేసికొందురు. విమానసంస్థల పెద్ద విమానములును, సైన్యపు విమానములును కాక, ఇతర విమానములే ఆ దేశమున రెండు లక్షలకు పైగా కలవు. వానిలో మిక్కిలి ప్రసిద్ధి చెందినది సెస్నా 172 అను నాలుగు కుర్చీల విమానము. 1956లో అమ్మకమునకు వచ్చిన ఈ విమానము నేటికి 44,000లకు పైగా తయారయినది. ప్రపంచమున మరి యే విమానమును ఇన్ని తయారు కాలేదు.

ఈ విమానములను గూర్చి తెలిసికొనవలసిన మొదటి సంగతి వాని వయస్సు. 1978లో అమెరికా కర్మాగారములు ఒక్క ఏడాదిలోనే 17,000లకు పైగా చిన్న విమానములను తయారుచేసినవి. పిమ్మట ఆ వ్యాపారము కుంటుపడినది. 1986లో సెస్నా సంస్థ పిస్టను ఇంజను గల చిన్న విమానముల తయారీని నిలిపివేసెను. విమానము తయారయిన 18 ఏండ్ల తరువాత జరిగిన ప్రమాదములకు తయారీదారుని బాధ్యునిగా చేయరాదను చట్టము 1994లో వచ్చిన పిమ్మట, 1996లో తిరిగి మొదలుపెట్టెను. కావున నేడు ఎగురుచున్న చిన్న విమానములలో చాల భాగము నలువది, ఏబది ఏండ్ల క్రిందటివి. తాత కొనిన విమానమును మనుమడు నడపుట అచ్చట వింత కాదు. అట్టి వయస్సున యంత్రమునకు ఏటేట పరీక్ష యెందుకని అడుగువారు ఉండరు.

విమానము పుట్టిననాడే దానిని కనిపెట్టి చూచువాడును పుట్టినాడు. 1903లో రైటు సోదరుల విమానము లేచినప్పుడు దాని ఇంజనును ఆరు వారములలో తయారుచేసి ఇచ్చినవాడు వారి కొట్టులోని పనివాడు చార్లెస్ టేలరు. ఆతడు జన్మించిన మే 24వ తేదీని నేడు అమెరికాలో విమాన మెకానిక్కుల దినముగా పాటించుచున్నారు. అయినను తొలి ఇరువదేండ్లును విమానముల మంచి చెడ్డలు యజమానుల ఇష్టమునకే విడువబడినవి. పాత సైనిక విమానములను కారుచౌకగా కొని, సంతలలో విన్యాసములు చూపి, పొలములలో కూలినవారు పెక్కురు. 1926లో అమెరికా ప్రభుత్వము వాయు వాణిజ్య చట్టమును చేసి, విమానములకు నమోదును, ఎగురుటకు యోగ్యతా పత్రమును, పైలటులకును మెకానిక్కులకును లైసెన్సులను విధించినది. నేటి నిబంధనలకు మూలము అదియే.

ఈ యోగ్యతా పత్రమున ఒక విశేషము కలదు. సాధారణమయిన విమానమునకు ఒకసారి ఇచ్చిన ఆ పత్రమునకు గడువు తేదీ లేదు. విమానమును నిబంధనల ప్రకారము కాపాడుచున్నంత కాలము అది చెల్లును. కాపాడుట మానిన దినమున కాగితము గోడకు వ్రేలాడుచున్నను ప్రాణము పోయినట్లే. ఆ ప్రాణమును నిలుపునది వార్షిక పరీక్ష. గడచిన 12 క్యాలెండరు నెలలలో పరీక్ష జరిగియుండనిదే విమానము ఎగురరాదు. క్యాలెండరు నెల యనుటలో కొంత వెసులుబాటు కలదు. ఈ యేడు మార్చి 5వ తేదీన పరీక్ష ముగిసిన, వచ్చే యేడు మార్చి 31 వరకు అది చెల్లును. ఏప్రిల్ 1న మాత్రము, విమానము కొత్త నాణెమువలె మెరయుచున్నను, ప్రత్యేకమయిన అనుమతి లేనిదే కదలరాదు.

విమానమును కిరాయికి ఇచ్చి మనుష్యులను మోయించువారికిని, తమ విమానముపై రుసుము తీసికొని ఎగురుట నేర్పువారికిని ఈ గడువు చాలదు. వారు 100 గంటలు ఎగిరినప్పుడెల్ల పరీక్ష చేయించవలెను. రెండు పరీక్షలలోను చూడవలసిన అంశములు ఒక్కటే. భేదమెల్ల చేవ్రాలు చేయువానిలో కలదు. నూరు గంటల పరీక్షకు విమాన దేహమునకును ఇంజనుకును లైసెన్సు పొందిన మెకానిక్కు చాలును. వార్షిక పరీక్షకు అట్టి మెకానిక్కులలోనే పరీక్షాధికారమను వేరొక అనుమతి పొందినవాడు కావలెను. సౌలభ్యము కొరకు వానిని మనము పరీక్షకుడందము.

పరీక్షకుడు విమానమును రెండు ప్రశ్నలు అడుగును. మొదటిది: నీవు పుట్టినప్పుడు నీకు ఒప్పుకొనిన రూపముననే నేడును ఉన్నావా? రెండవది: నేడు క్షేమముగా ఎగురగల స్థితిలో ఉన్నావా? ఈ రెంటికిని అవునను సమాధానము వచ్చిననే ఆ విమానము యోగ్యము. ఒక యజమాని తన తెలివికొలది మరి గట్టిదగు మరను అంగడిలో కొని బిగించినాడనుకొందము. రెండవ ప్రశ్నకు సమాధానము బాగుగనే యుండవచ్చును. కాని ఆ మర విమానము నమూనాలో లేనిదయిన మొదటి ప్రశ్నలో విమానము తప్పినట్లే. ఇది చాదస్తముగా తోచవచ్చును. కాని విమానమున ప్రతి మరయు ఒక లెక్కకు కట్టుబడి యుండును. లెక్క తెలియని గట్టిదనము ఒకచోట మేలు చేసి మరియొకచోట కీడు చేయును.

కావున పరీక్ష విమానము దగ్గర గాక పుస్తకముల దగ్గర మొదలగును. ప్రతి విమానమునకును లాగుబుక్కులు కలవు. పుట్టిననాటి నుండి ఎన్ని గంటలు ఎగిరినది, ఏ భాగము ఎప్పుడు మారినది, ఎవరు మార్చిరి అను వృత్తాంతమంతయు అందుండును. పరీక్షకుడు వానిని ప్రభుత్వ ఆదేశములతో సరిపోల్చును. ఒక జాతి విమానమున ఎక్కడనైన అపాయకరమయిన లోపము బయటపడిన, అమెరికా విమానయాన శాఖ ఆ జాతి విమానములన్నిటికిని యోగ్యతా ఆదేశమును ఇచ్చును. దానిని పాటింపక ఎగురుట నేరము. తయారీదారు పంపు సేవా ప్రకటనలు మాత్రము సొంత విమానము గలవానికి సామాన్యముగా సలహాలే. ఆజ్ఞకును సలహాకును గల భేదము తెలియని యజమాని అక్కరలేని ఖర్చు పడును, లేదా చేయవలసినది మానును.

ఆదేశములు ఎంత చిన్న వస్తువును గూర్చి పుట్టునో ఒక ఉదాహరణము చూతము. సెస్నా విమానమున పైలటు కుర్చీ రెండు పట్టాలమీద ముందునకు వెనుకకు జరుగును. పట్టాలలోని రంధ్రమున ఒక చిన్న చీల దిగి కుర్చీని పట్టియుంచును. ఏండ్ల తరబడి చీల రాపిడికి రంధ్రము కోలగా అరిగిపోవును. విమానము లేచునప్పుడు ముక్కు పైకెత్తగా చీల జారి కుర్చీ వెనుకకు పోవును. పైలటు పట్టుకొనియున్న చుక్కానిపిడియు ఆతనితోబాటు వెనుకకు వచ్చును. పిడి వెనుకకు వచ్చినకొలది ముక్కు ఇంకను లేచును, వేగము చచ్చును, విమానము పడిపోవును. ఇట్లు ప్రాణములు పోయిన పిమ్మట 1987లో ఆదేశము వచ్చినది. 2011లో అది సవరింపబడినది. నేటికిని ఆ విమానములలో కుర్చీ పట్టాలను, చీలలను, పగుళ్ళను కొలిచి చూచుట తప్పనిసరి. రంధ్రము వెడల్పు 0.36 అంగుళమునకు మించరాదు. అంగుళములో మూడవ వంతుకు కొంచెము మించిన కొలతలో ఒక కుటుంబపు క్షేమము ఇమిడి యున్నది.

పుస్తకములు మూసిన పిమ్మట విమానమును తెరతురు. చట్టము మొదట కోరునది మూతలన్నియు విప్పుట. రెండవది విమానమును, ఇంజనును శుభ్రముగా కడుగుట. పిమ్మటనే చూచుట. కడుగక ముందు కారిన నూనె మరక ఎచ్చటిదో తెలియదు; మడ్డి క్రింద దాగిన పగులు కనపడదు. మూతలు విప్పినప్పుడు తోకలోపల ఎలుకలు పెట్టిన గూళ్ళు బయటపడుట కద్దు. ఎలుక మూత్రము అల్యూమినియపు రేకును తినివేయును. గాలి వేగమును కొలుచు గొట్టము చివరను, పెట్రోలు ట్యాంకు గాలి రంధ్రములోను కందిరీగలు మట్టిగూళ్ళు కట్టును. ఆ రంధ్రము మూసుకొనిపోయిన ట్యాంకు నిండ పెట్రోలు ఉన్నను ఇంజనుకు అందదు.

ఇంజను పరీక్ష వినదగినది. వినదగినదనుటలో అతిశయోక్తి లేదు. అందొక భాగము చెవితోనే చేయవలెను. సిలిండరులోనికి చదరపు అంగుళమునకు 80 పౌనుల ఒత్తిడి గల గాలిని పంపి, లోపల ఎంత నిలిచినదో కొలుతురు. 72 నిలిచిన 80కి 72 అని వ్రాయుదురు. తక్కిన ఎనిమిది ఏ దారిన పోయినవో చెవి యొగ్గి విందురు. పొగగొట్టమున బుసబుస వినవచ్చిన పొగ కవాటము కారుచున్నది. గాలి పీల్చు గొట్టమున వినవచ్చిన ఆ వైపు కవాటము. నూనె పోయు మూతి దగ్గర వినవచ్చిన పిస్టను చుట్టలు. ఈ పని జరుగుచున్నంత సేపు ఒకడు ప్రొపెల్లరును గట్టిగా పట్టుకొనవలెను. పట్టు తప్పిన లోపలి గాలి దానిని గిర్రున త్రిప్పి చేయి విరుగగొట్టును. నేడు దీనికి తోడు బోరోస్కోపను సన్నని గొట్టపు కెమెరాను స్పార్కు ప్లగ్గు రంధ్రమున దింపి, కవాటముల ముఖమును సినిమావలె చూచుచున్నారు. కాలుచున్న కవాటము అంచున రంగు ఒక ప్రక్కకు మారి యుండును. అది విరుగుటకు చాల ముందే కంటికి పట్టుబడును.

నూనె వడపోత డబ్బాను రంపముతో గాక ప్రత్యేకమయిన కత్తెరతో కోసి, లోపలి కాగితపు మడతలను విప్పి వెలుగున పట్టి చూతురు. మిలమిలలాడు లోహపు రజను కనపడిన, ఇంజనులో ఏదియో ఒకటి ఇంకొకదానిని తినుచున్నదన్నమాట. అయస్కాంతమునకు అంటిన అది ఉక్కు. అంటని యెడల మరియొక లోహము. పరీక్షకుడు వైద్యుడు నాడి చూచినట్లు దీనిని చూచును.

విమానపు నియంత్రణము ఉక్కుతీగ త్రాళ్ళమీద ఆధారపడి యుండును. పైలటు పిడి త్రిప్పగా ఆ త్రాళ్ళు కప్పీల మీదుగా రెక్కలలోనికి, తోకలోనికి పోయి పలకలను కదల్చును. త్రాటిపై గుడ్డ నుంచి పొడుగునా లాగుదురు. ఒక్క తీగ పోగు తెగియున్నను గుడ్డ పట్టుకొనును. మన తేరు మోకును తడవిచూచు పనివాని విద్యయే ఇది. కప్పీ వంగిన చోట, అనగా కన్ను సులభముగా చేరని చోటనే త్రాడు అరుగును. విమానములో అపాయము ఎప్పుడును చూచుటకు కష్టమయిన చోటునే వెదకికొనునని పాత మెకానిక్కులు చెప్పుదురు.

ఆ మాట యెంత నిజమో 2018 ఏప్రిల్ 4న ఫ్లోరిడాలోని డేటోనా బీచ్ దగ్గర తేలినది. పైపర్ ఏరో జాతికి చెందిన శిక్షణ విమానమొకటి లేచిన కొలది సేపటికే ఎడమ రెక్క విరిగి కూలినది, ఇద్దరు మరణించిరి. ఏడు వేల గంటలకు పైగా ఎగిరిన ఆ విమానమున రెక్క దూలమును మొండెమునకు కట్టు బోల్టు రంధ్రము నుండి లోహము అలసి పగిలినది. ఆ పగులు మామూలు పరీక్షలో కంటికి కనపడు చోట లేదు. 2021లో అమలునకు వచ్చిన ఆదేశముతో, ఆ కుటుంబపు విమానములలో బోల్టులు ఊడదీసి రంధ్రములను విద్యుత్ ప్రవాహముల సహాయమున పరీక్షింపవలసి వచ్చినది. ఏ విమానమునకు ఈ పరీక్ష కావలెనో నిర్ణయించుటకు అది జీవితమున ఎన్ని నూరు గంటల పరీక్షలు పొందెనో లెక్కింతురు. అనగా అది ఎంత కష్టపడినదో దాని లాగుబుక్కే సాక్ష్యము చెప్పవలెను. పాత పుస్తకము పోగొట్టుకొనిన యజమాని విమానపు సగము చరిత్రను పోగొట్టుకొనినవాడే.

అన్నియు చూచిన పిమ్మట ఇంజనును నడిపి చూడవలెను. పూర్తి శక్తిలోను, నిమ్మళముగను ఎన్ని చుట్లు తిరుగుచున్నది, రెండు మాగ్నెటోలును వేరువేరుగ సరిగా నిప్పురవ్వ నిచ్చుచున్నవా, నూనెకును పెట్రోలుకును ఒత్తిడి సరిగా నున్నదా, వేడిమి హద్దులో నున్నదా అని కనుగొందురు. పిమ్మట పరీక్షకుడు లాగుబుక్కులో తేదీయు, గంటలును వేసి, విమానము యోగ్యముగా నున్నదని వ్రాసి చేవ్రాలు చేయును. యోగ్యము గాకున్న లోపముల జాబితాను యజమాని చేతికిచ్చి, ఇచ్చినట్లు పుస్తకమున వ్రాయును. ఇచ్చట చాలమంది యజమానులకు తెలియని సంగతి యొకటి కలదు. అట్లు వ్రాసినను వార్షిక పరీక్ష జరిగినట్లే. ఆ లోపములను సవరించుటకు ఆ పరీక్షకుడే యక్కరలేదు. తగిన లైసెన్సు గల ఏ మెకానిక్కయినను సవరించి చేవ్రాలు చేయవచ్చును. పరీక్ష వేరు, మరమ్మతు వేరు. రెంటిని ఒకే గంపలో వేసి, ముందుగా మాట అనుకొనక, చివరకు బిల్లు చూచి కలహించుకొనువారు పెక్కురు. పరీక్షకు ఇంత యని, కనపడిన లోపములను చెప్పిన పిమ్మటనే మరమ్మతని మొదటనే వ్రాసికొనుట ఉభయులకును క్షేమము.

ఇంతవరకు పరీక్ష యేమి చెప్పునో చూచితిమి. ఇక ఏమి చెప్పదో చూతము. మా ప్రసంగమునకు సారము ఇచ్చటనే కలదు. ఆ చేవ్రాలు విమానము ఏడాది పొడుగున బాగుండునని చెప్పదు. ఈ దినమున, ఈ గంటలో, నేను చూచినంత మేరకు బాగున్నదని మాత్రమే చెప్పును. అది ఒకనాటి సాక్ష్యము. ఏడాదికి హామీ కాదు.

2019 జనవరి 21న ఫ్రాన్సులోని నాంట్ నగరము నుండి కార్డిఫ్‌కు పోవుచున్న చిన్న విమానమొకటి రాత్రివేళ ఇంగ్లీషు ఛానెల్ సముద్రమున కూలినది. ఎమిలియానో సాలా అను ఫుట్‌బాలు క్రీడాకారుడును, పైలటును మరణించిరి. ఆ పైపర్ మాలిబు విమానము అమెరికాలో నమోదయినది. వార్షిక పరీక్ష జరిగి రెండు నెలలయినను నిండలేదు. బ్రిటిషు విమాన ప్రమాద పరిశోధక శాఖ 2020లో ప్రకటించిన నివేదికలో కారణములు పెక్కు చెప్పబడినవి. వానిలో ఒకటి, ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడు కుర్చీల గదిలోనికి చేరి పైలటును మత్తుపరచి యుండుట. పొగగొట్టములను పరీక్షించినంత మాత్రమున ఈ అపాయము పూర్తిగా తొలగదనియు, ఆ వాయువును పసికట్టి హెచ్చరించు పరికరము విమానమున లేదనియు ఆ శాఖ తేల్చినది. ఆ వాయువునకు వాసన లేదు, రంగు లేదు. చిన్న విమానములు పెక్కింటిలో పొగగొట్టము చుట్టును పోయిన గాలియే చలికాలమున గదిని వెచ్చజేయును. గొట్టమున వెండ్రుకవాసి పగులు పుట్టిన, వెచ్చదనముతోబాటు విషమును లోనికి వచ్చును. పరీక్షనాడు లేని పగులు పదునైదవనాడు పుట్టవచ్చును. దానిని కనిపెట్టవలసినవాడు అప్పుడు హాంగరులో నున్న పరీక్షకుడు కాడు, ఆకాశమున నున్న యజమాని.

ఇంకొక సంగతి వింతగా తోచును గాని నిజము. పరీక్ష ముగిసిన మరునాడు విమానము మిక్కిలి క్షేమముగా నుండునని మన మనుకొందుము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటిషు తీరరక్షక విమానదళమున వాడింగ్టన్ అను జీవశాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఈ నమ్మకమును లెక్కలతో పరీక్షించిరి. జలాంతర్గాములను వేటాడు లిబరేటరు విమానములకు 50 గంటలకొకసారి పరీక్ష జరుగుచుండెను. అనుకొనని చెడుపులు ఎప్పుడు ఎక్కువగా వచ్చుచున్నవని చూడగా, పరీక్ష ముగిసిన వెంటనే ఎక్కువగాను, పోనుపోను తక్కువగాను కనపడినవి. చక్కగా నడచుచున్న దానిని విప్పి మరల బిగించుటలోనే కొన్ని లోపములు పుట్టుచున్నవని తేలినది. పరీక్షల నడిమి వ్యవధిని పెంచి, అక్కరలేని విప్పుటలు తగ్గించగా విమానములు ఎగురు గంటలు ఎక్కువయ్యెను. 1978లో అమెరికాలో నౌలన్, హీప్ అను ఇద్దరు ఇంజనీర్లు పెద్ద విమానముల భాగములను గూర్చి వ్రాసిన నివేదికయు ఈ దిక్కునే చూపినది. చాల భాగములు వయస్సు ముదిరి చెడుటకంటె, క్రొత్తగా బిగించిన తొలి దినములలోనే చెడుట ఎక్కువ యని వారు చూపిరి.

దీనినిబట్టి పరీక్ష వలదని అనుకొనరాదు. ఇచ్చట గ్రహింపవలసినది ఒక్కటే: కంటితో ఎంత చూచినను తప్పులేదు, చేతితో తాకినకొలది మాత్రము బాధ్యత పెరుగును. అక్కరలేనిది విప్పించకుండుటయు, విప్పినదానిని మరల సరిచూచుటయు యజమాని నేర్వవలసిన రెండు విద్యలు.

కావున పరీక్ష ముగిసిన విమానమును తీసికొనుటకు పోవు యజమాని తాళపుచెవి పుచ్చుకొని తిన్నగా కుటుంబముతో ప్రయాణమగుట మంచిది కాదు. మూతల మరలన్నియు ఉన్నవా, నూనె మూత బిగిసినదా, పనిముట్టు ఏదైన లోపల మరచిరా అని తీరికగా చూచుకొనవలెను. పిడిని కుడికి త్రిప్పిన కుడి రెక్క పలక పైకి లేచుచున్నదా యని కన్నులార చూడవలెను. కదలుచున్నదా యని చూచిన చాలదు. సరియైన వైపునకే కదలుచున్నదా యని చూడవలెను. త్రాళ్ళు తారుమారుగా బిగించిన విమానములు పైకి లేచినంతనే కూలిన సందర్భములు కలవు. పిమ్మట పగటివేళ, నిర్మలమయిన ఆకాశమున, ఒంటరిగా, విమానాశ్రయము మీదనే కొంత సేపు తిరిగి దిగవలెను. దిగి మరల మూత తెరచి నూనె కారినదేమో చూచుకొనవలెను. ఇది పిరికితనము గాదు, వివేకము.

తక్కిన మూడువందల అరువది నాలుగు దినములమాట యేమి? విమానమును యోగ్యస్థితిలో ఉంచు బాధ్యత ముఖ్యముగా యజమానిదే, లేదా దానిని నడుపువానిదే యని అమెరికా నిబంధన స్పష్టముగా చెప్పుచున్నది, మెకానిక్కుదని చెప్పలేదు. అందులకు తగిన అధికారమును చట్టమే ఇచ్చినది. పైలటు లైసెన్సు గల యజమాని తన సొంత విమానమునకు నూనె మార్చుకొనవచ్చును, చక్రపు టైరు మార్చుకొనవచ్చును, స్పార్కు ప్లగ్గులు తీసి శుభ్రముచేసి ఎడము సరిచూచుకొనవచ్చును, బ్యాటరీ మార్చుకొనవచ్చును. చేసిన పనిని లాగుబుక్కులో వ్రాసి చేవ్రాలు చేయుట మాత్రము మరువరాదు. మెకానిక్కు ప్రక్కనుండి చూచుచు ఒప్పుకొనిన యెడల వార్షిక పరీక్షనాడు మూతలు విప్పుట, కడుగుట, మరల బిగించుట వంటి పనులను యజమానియే చేయవచ్చును. పరీక్ష మాత్రము పరీక్షకుడు తన కంటితోనే చేయవలెను. ఇట్లు చేయువానికి కొంత సొమ్ము మిగులును. దానికంటె గొప్ప లాభము, తనను మోయు యంత్రపు లోపలి రూపము ఒకసారియైన తన కంట పడును.

యజమాని చేయగల మేళ్ళలో మిక్కిలి సులభమయినది విమానమును ఎగురవేయుటయే. ఎక్కువగా ఎగిరిన విమానము చెడునని, కొట్టమున దాచిన విమానము చెడదని సామాన్యుల తలంపు. నిజము దీనికి విరుద్ధము. నెలల తరబడి కదలని ఇంజనులో నూనె జారిపోయి, ఉక్కు భాగములు గాలికి, తేమకు ఎడమగును. లైకమింగ్ ఇంజనులలో కవాటములను ఎత్తు క్యాము దండము పైభాగమున నుండుటచే దానికి మొదట త్రుప్పు పట్టును. త్రుప్పు పట్టినది పిమ్మట అరుగును. అరిగిన రజను నూనెలో కలియును. వార్షిక పరీక్షనాడు వడపోత మడతలలో మెరయును. అందుచేతనే నూనెను 50 గంటలకు గాని, నాలుగు నెలలకు గాని, ఏది ముందు వచ్చిన దానిని బట్టి మార్చుమని ఆ తయారీదారు సలహా. గంటలు నిండలేదు గదా యని ఏడాది నూనెను అట్లే ఉంచువాడు పొదుపు చేయుట లేదు, అప్పు చేయుచున్నాడు.

మన దేశమున సొంత విమానములు గలవారు కొలదిమందియే. అయినను పద్ధతి క్రొత్తది కాదు. ఇచ్చట పౌర విమానయాన డైరెక్టరేటు జనరలు విధించిన నిబంధనల ప్రకారము, శిక్షణాలయముల చిన్న విమానములకును యోగ్యతా సమీక్షా పత్రము ఏటేట క్రొత్తది కావలెను. దేశము వేరయినను పగులు, త్రుప్పు, అరుగుడు ఒక్కటే.

రథోత్సవమునాడు తేరు కదలునప్పుడు వడ్రంగి తన పని తీరినదని ఇంటికి పోడు. చేత చప్టా పట్టుకొని చక్రము ప్రక్కనే నడచును. ఇరుసు కిర్రుమనిన ధ్వని మారెనేమో చెవి యొగ్గి వినుచుండును. పది దినములు ముందు చేసిన పరీక్ష ఆతనికి ధైర్యము నిచ్చినదే గాని నిదుర నీయలేదు. సొంత విమానము గలవానికిని అంతే. పరీక్షకుని చేవ్రాలు ఆతనికి ధైర్యము. ప్రతి ప్రయాణమునకు ముందు తన చేతితో తడవి, తన కంటితో చూచి, తన చెవితో వినుట ఆతని ధర్మము. కీడెంచుట ఏటికొకనాటి పని కాదు. ఎగిరిన ప్రతినాటి పని.